బోణీకి ముందు వార్తలు

మునీశ్వరికి కంప్యూటరుతో పరిచయం పెళ్ళిపత్రికల దగ్గర మొదలైంది. పుంగనూరు బస్టాండు ఎదురుగా మేడమీద ఒక డీటీపీ సెంటరు ఉండేది. బీకాం పూర్తయిన ఏడాదే అందులో చేరింది. చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా వధూవరుల పేర్లూ, ముహూర్తాలూ, బంధుమిత్రుల అభినందనలూ కొడుతూ కూర్చునేది. ఇంటి దగ్గర తండ్రి గంగులయ్యకు పాడి ఆవులుండేవి. కూతురు చేసే పని ఏమిటో ఆయనకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

"ఆ టీవీ ముందర కూసోని కండ్లు పోగొట్టుకుంటాండావు. పాలకేంద్రంలో పని సూసుకుంటే ఈడనే ఉండొచ్చు కదమ్మా" అనేవాడు.

"అది టీవీ కాదు నాయినా."

"బొమ్మ రాని టీవీ. అంతే కదా."

1998 వేసవిలో మురళి అనే మనిషి కరపత్రం వేయించుకోవడానికి ఆ సెంటరుకు వచ్చాడు. కుప్పంలో రైతుల మధ్య పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉండేవాడు. బెంగుళూరులో కంప్యూటర్ల చదువు చదివి, అక్కడి ఉద్యోగం నచ్చక తిరిగి వచ్చినవాడు. అతను వచ్చిన సమయానికి మునీశ్వరి ఇంగ్లీషు పేపరు ముందు పెట్టుకుని, అందులోని వార్తలను సెంటరు ఓనరుకు తెలుగులో కథలాగా చెబుతూ ఉంది. మురళి కరపత్రం సంగతి మరిచిపోయి అది వింటూ నిలబడ్డాడు. వెళ్ళేముందు అడిగాడు, "మదనపల్లె టమోటా యార్డులో ఇదే పని చేస్తావా అమ్మా, రైతులకి?"

మదనపల్లె యార్డు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబితే చాలు: అక్కడ సరుకు రైతుది, మాట మండీది. రైతు తెల్లవారకముందే పెట్టెలు దించుకుని వరసలో కాచుకుంటాడు. మండీ యజమాని, అంటే కమీషను వ్యాపారి, ఫోను తీసి మద్రాసుకు ఒకటి, బెంగుళూరుకు ఒకటి చేసుకుంటాడు. ఆ ఫోన్లో విన్నది ఆయన కడుపులోనే ఉంటుంది. వేలంపాట మొదలయ్యేసరికి రైతు చేతిలో ఉండేది పండ్లు మాత్రమే. అవి ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడతాయి. అన్నీ తెలిసినవాడికీ ఏమీ తెలియనివాడికీ మధ్య జరిగేదాన్ని కూడా మనం బేరం అనే అంటున్నాం. అలవాటైపోయింది.

మురళి చేయాలనుకున్నది ఇదే. యార్డు గేటు దగ్గర ఒక కంప్యూటరు, దానికి ఫోను లైనుతో కలిపే మోడెం, గోడకు ఒక నల్లబోర్డు. బెంగుళూరులో ఒక కేంద్రం రోజూ ఊరూరి వార్తలను మూటగట్టి ఫోను తీగమీద పంపేది. అందులోంచి రైతుకు పనికొచ్చేవి ఏరి, తెలుగులో బోర్డుమీద రాయాలి. ఏ ఊర్లో ఏ రేటు, ఎక్కడ వాన, ఎక్కడ సరుకు తక్కువ. మండీ ఫోనుకు తెలిసినది బోర్డుకు కూడా తెలియాలి.

"ఒక సంవత్సరం సూస్తాం" అన్నాడు మురళి. "రైతు ఈ బోర్డును నమ్మితే ఇది ఉంటాది. నమ్మకుంటే మూటగట్టుకొని కుప్పం పట్టుకుపోతాం. నువ్వు ఎంత బాగా రాసినా, నమ్మకుంటే ఏమీ లేనట్టే."

ఆ మాట మునీశ్వరి మనసులో బలంగా నాటుకుంది. మంచి జీతం, మంచి కుర్చీ లాంటివి ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ బోర్డును నలుగురు నమ్మాలి. అదొక్కటే పట్టుదల.

గది ఇచ్చింది నారాయణస్వామి. యార్డులో పెద్ద మండీ ఆయనది. అద్దె వద్దన్నాడు. "అందరికంటే ముందు మన మండీ కాడ కంప్యూటర్ ఉండాది అంటే మనకూ ఒక పేరు కదప్పా" అని మురళి భుజం తట్టాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. రోజూ పొద్దున హమాలీలకు పోయించే టీలో ఒక గ్లాసు తప్పకుండా మునీశ్వరికి పంపేవాడు.

బెంగుళూరు నుంచి వచ్చే మూటలో వార్తలు బోలెడన్ని ఉండేవి. క్రికెట్టు, షేర్లు, ఢిల్లీ రాజకీయాలు, ఎవరో సినిమావాళ్ళ విడాకులు. అన్నీ దించుకోవాలంటే ఫోను బిల్లు తడిసిమోపెడవుతుంది. అందుకని మురళి ఒక ప్రోగ్రాం రాశాడు. దానికి ‘జల్లెడ’ అని పేరు పెట్టాడు. ముందు వార్తల తలకట్టులు, అంటే శీర్షికలు, మాత్రమే వస్తాయి. ఒక్కోదానికి మునీశ్వరి ‘కావాలి’ మీటో ‘వద్దు’ మీటో నొక్కాలి. కావాలన్న వార్తలోని మాటలకు జల్లెడ మార్కులు వేసుకుంటుంది, వద్దన్న వార్తలోని మాటలకు మార్కులు కోసేస్తుంది. కొన్నాళ్ళకు ఆమె అలవాటు దానికి పట్టుబడుతుంది. మార్కులు బాగా తగ్గిన మాటలున్న వార్తను అసలు చూపించనే చూపించదు.

"అంటే మనం ఏం తింటామో దానికి తెలిసిపోతాది" అంది మునీశ్వరి.

"అంతే. రోజూ వంకాయ వద్దంటా ఉంటే కొన్నాళ్ళకు వంకాయ వండడం మానేస్తారు గదా" అన్నాడు మురళి నవ్వుతూ.

మొదట్లో బోర్డు దగ్గర ఎవరూ ఆగలేదు. ఎరువుల కంపెనీ ప్రకటన అనుకున్నారు. మొదట ఆగింది పెద్దమండ్యం నుంచి వచ్చే నాగమ్మ. బోరు కింద రవ్వంత చెక్కలో టమోటా పెట్టుకునే మెట్టరైతు. భర్త పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి సేద్యం, సంత, లారీ అన్నీ ఆమెవే. మరిది రెడ్డెప్ప తోడుగా వచ్చేవాడు. నాగమ్మకు చదువు రాదు. కిటికీ దగ్గరికి వచ్చి చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ అడిగేది.

"ఏమి రాసినావో సదువు తల్లీ. రాసేదానికి నోరు లేదా ఏంది?"

మునీశ్వరి చదివేది. నాగమ్మ విని, తల ఊపి పోయేది. ఒకనాడు బెంగుళూరు చుట్టుపక్కల వానలకు తోటలు దెబ్బతిన్నాయని బోర్డుమీద ఉంది. ఆ పొద్దు మొదటి పాటకు నాగమ్మ సరుకు ఇవ్వలేదు. మండీ గుమస్తా నవ్వాడు. కాసేపటికి బెంగుళూరు వ్యాపారులు దిగారు, పాట పైకి ఎగబాకింది. మర్నాడు పెద్దమండ్యం వాళ్ళందరూ కిటికీ దగ్గర ఉన్నారు. ఆ తర్వాత మిగతా పల్లెలవాళ్ళు. వరసలో పెట్టెలు దించడం, బోర్డు దగ్గరికి రావడం, ఈ రెండూ ఒకే పని అయిపోయాయి.

ఇక బోణీ సంగతి చెప్పాలి. మన వ్యాపారాల్లో బోణీకి ఉండే పట్టింపు అందరికీ తెలిసిందే. నారాయణస్వామి మండీలో అది ఇంకొంచెం ఎక్కువ. పొద్దున ఊదుబత్తి వెలిగించిన దగ్గర నుంచి మొదటి రాశి పాట కొట్టేదాకా అక్కడ ఎవరూ ‘లేదు’ అని అనరు. సుద్దముక్క అయిపోయినా ‘నిండుకొనింది’ అనే అంటారు. చావు మాట, దెబ్బ మాట, మూసేసిన మాట చెవిన పడకూడదు. ఆయన తండ్రి నేర్పిన పద్ధతి అది.

బోర్డు మండీకి ఎదురుగానే ఉండేది. ఒక పొద్దున దానిమీద మొదటి వరసలో, కనుమలో లారీ బోల్తా పడి ఇద్దరు పోయారని ఉంది. నారాయణస్వామి కిటికీ దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగా.

"పాపా, నువ్వు రాసేది మంచిదే. కాదనను. కాని ఇంకా బోణీ కాలే. పొద్దున్నే ఈ సావు మాటలు యాల సెప్పు?"

"దారి మూసినారంట అన్నా. లారీలు పోయేవాళ్ళకి తెలియాల గదా."

"తెలియాల, తెలియాల. బోణీ అయినాక రాయి. అంతవరకు మంచివి రాసుకో. నీ గది, నీ బోర్డు, నేనేమన్నా అంటినా?"

ఆమెకు అది పెద్ద కోరికలాగా అనిపించలేదు. గది ఇచ్చిన మనిషి, రోజూ టీ పంపే మనిషి. ఇంటి దగ్గర గంగులయ్య కూడా పాలు పితికేటప్పుడు చెడ్డమాట అననిచ్చేవాడు కాదు. మర్నాటి నుంచి పొద్దున తలకట్టులు చూసేటప్పుడు ప్రమాదం, సమ్మె, వరద, మరణం, మూత ఇలాంటివన్నీ ‘వద్దు’ నొక్కి పక్కన పెట్టేది. బోణీ అయ్యాక ఆ కుప్పలోంచి వెతికి తీసి, పనికొచ్చేది కింద వరసలో రాసేది.

ఇప్పుడు వద్దు, తర్వాత కావాలి అని ఆమె ఉద్దేశం. కాని జల్లెడకు ఉన్నవి రెండే మీటలు. ‘తర్వాత’ అనే మీట లేదు.

వారాలు గడిచేకొద్దీ పక్కన పెట్టాల్సిన వార్తలు తగ్గాయి. బోణీ అయ్యాక వెతికితే కుప్పలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ ఎండాకాలం లోకం కాస్త నెమ్మదించిందని మునీశ్వరి అనుకుంది. రేట్లు, వానలు, కొత్త విత్తనాలు, సబ్సిడీలు. బోర్డు కళకళలాడుతూ ఉండేది. నారాయణస్వామి దాన్ని ఊరి పెద్దలకు పిలిచి చూపించేవాడు.

1999 జూలైలో మదనపల్లెలో పాట బాగా పడిపోయింది. ఒక పొద్దున, ఇంకా బోణీ కాకముందే, బోర్డుమీద మాత్రం మద్రాసు రేటు ఎక్కడో ఆకాశంలో ఉంది. పెద్దమండ్యం వాళ్ళు వరసలో నిలబడి గుసగుసలాడుకున్నారు. అందరి సరుకూ కలిపి తామే ఒక లారీ మాట్లాడుకుని మద్రాసుకు తోలితే? మండీని దాటి అంత దూరం వాళ్ళు ఎప్పుడూ పోలేదు. రెడ్డెప్ప గడ్డం గోక్కున్నాడు. నాగమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మేయ్ మునీశ్వరీ, రేటు ఊరికే అంత ఎక్కదు. ఆడ ఏమన్నా గలాటా ఉండాదేమో సూడు."

మునీశ్వరి మళ్ళీ ఒకసారి తలకట్టులన్నీ పైనుంచి కిందికి చూసింది.

"ఏమీ లేదక్కా. ఉంటే మిషన్లో వచ్చి ఉండేది."

"బాగా సూడు తల్లీ. మా అందరి కాయా దీంట్లోనే పోతాండాది."

"సూసినానక్కా. ఏమీ లేదు."

నాగమ్మ మరిది వైపు తిరిగి చెయ్యి ఊపింది. లారీ కదిలింది. రెడ్డెప్ప డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

మద్రాసు కూరగాయల మార్కెట్లో హమాలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. ముందు నుంచీ నోటీసు ఇచ్చే దిగారు. సరుకు రాదని తెలిసి చిల్లరవాళ్ళు ఎగబడి కొనడం వల్లే రేటు ఎక్కింది. రెడ్డెప్ప లారీ వెళ్ళేసరికి గేట్లు మూసి ఉన్నాయి. దించేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. ఆ ఉక్కలో టార్పాలిన్ కింద పండ్లు కారడం మొదలైంది. ఆఖరికి ఊరిబయట ఒక కాలువ పక్కన పారబోసి ఖాళీ పెట్టెలతో తిరిగి వచ్చాడు.

గేటు దగ్గర దిగినప్పుడు అతని చొక్కా నిండా ఎండిన టమోటా రసం. మునీశ్వరి గదిలోంచి బయటికి వచ్చింది. అతను ఆమెవైపు చూడలేదు. పక్కవాళ్ళతో అన్నాడు, "ఆ హమాలీల తప్పేమీ లేదప్పా. వాళ్ళూ కూలి కోసరమే కూసోనుండారు. మనకి తెలియకపాయె, అంతే." తర్వాత బోర్డువైపు ఒకసారి చూసి, "ఇంత పెద్ద పలక పెట్టుకొని" అన్నాడు. ఖాళీ పెట్టెలు దించడానికి పోయాడు.

ఆ పొద్దున బోర్డు దగ్గర ఎవరూ లేరు. నారాయణస్వామి వచ్చి ఆమెను ఓదార్చాడు.

"నీ తప్పేముండాది పాపా. మిషన్‌ది తప్పు. వాళ్ళైనా సరుకు ఈడనే ఇచ్చి ఉంటే ఈ గతి పట్టేదా? నాకు ముందురోజే ఫోనొచ్చె, గేట్లు మూస్తాండారని."

మునీశ్వరి తలెత్తి చూసింది. "మీకు తెలుసా అన్నా?"

"తెలుసు."

"మరి లారీ పోతాంటే యాల సెప్పలేదు?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "బోణీ కాకముందు ఎట్ల సెప్తాను పాపా?"

ఆ ముఖంలో మోసం వెతికింది మునీశ్వరి. కనిపించలేదు. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆయన తనకు లాభమైన పద్ధతిని భక్తితో పాటిస్తున్నాడు. లోకంలో చాలా అన్యాయం ఇలాగే, ఊదుబత్తి వెలిగించుకుని, నిష్ఠగా జరిగిపోతుంది.

మర్నాడు ఆమె గదికి తాళం వేసి, ప్రోగ్రాం ఫ్లాపీలో ఎక్కించుకుని కుప్పం బస్సెక్కింది. మురళి ఆ ఫ్లాపీని తన కంప్యూటరులో పెట్టి, జల్లెడ మాటలకు వేసుకున్న మార్కులు తెరిచాడు.  సమ్మె, మూత, వరద, మరణం, ప్రమాదం. అన్నీ అట్టడుగున ఉన్నాయి. ఆ మాటలున్న ఏ వార్తా నెలల నుంచి మునీశ్వరి కంటికి కనిపించలేదు. మద్రాసు సమ్మె వార్త నాలుగైదు సార్లు వచ్చి, నాలుగైదు సార్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇది రైతు జల్లెడ కాదు మునీశ్వరీ" అన్నాడు మెల్లగా. "నారాయణస్వామి చెవి ఇది. ఆయనకి ఏమి వినబడకూడదో అది బాగా నేర్చుకొనింది."

"నేనే కదా నేర్పించింది."

"నువ్వు నేర్పించినావు. ‘తర్వాత’ అని ఇంకో మీట నేను పెట్టాల్సింది. మండీ వాకిట్లో కూసోబెట్టి, మండీ మాట వినద్దు అంటే ఎట్ల?" అతను కీబోర్డు ముందుకు జరిగాడు. "మార్కులన్నీ తుడిచేస్తా. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదాం."

"తుడిచేస్తే మళ్ళీ నేనే కదా నొక్కేది. కిటికీ కాడికి వచ్చేది మళ్ళీ ఆయనే కదా."

మురళి ఆగిపోయాడు. ఆమె చెప్పిన దాంట్లో కంప్యూటరు లేదు, కానీ సమస్య అంతా అందులోనే ఉంది.

కుప్పం నుంచి వస్తూ ఆమె ఇంటికి పోలేదు. మదనపల్లెలో దిగి పెద్దమండ్యం బస్సు పట్టుకుంది. నాగమ్మ చేలో వేరుశనగ కలుపు తీస్తూ ఉంది. మునీశ్వరి గట్టుమీద నిలబడి జరిగింది చెప్పింది. మీటలు, మార్కులు, బోణీ, అన్నీ. నాగమ్మ కలుపు తీయడం ఆపలేదు.

"తెలిసి సెప్పకుంటివా, తెలియక సెప్పకుంటివా?"

"తెలియకనే అక్కా. కాని తెలియకుండా చేసుకొనింది నేనే."

"ఊ." ఇంకో మొక్క పీకి పక్కన వేసింది. "చెడ్డమాట వినబడకూడదనుకునేది కడుపు నిండినోడు తల్లీ. మేము మెట్టోళ్ళం. యాడ వాన పడలేదో, యాడ పురుగు పడిండాదో, అదే మా వార్త. మంచిమాట సెప్పేదానికి మాకు మిషను కావల్నా? మా మరిది సెప్తాడు రోజూ."

గట్టుమీద కూర్చుని బీడీ కాలుస్తున్న రెడ్డెప్ప అటువైపు తిరిగాడు. "నన్ను యాల లాగుతావు వదినా. కాయ పారబోసి వచ్చినోణ్ణి."

"నేనొకటి అడగతా ఉండాను" అంది మునీశ్వరి. "పొద్దున పెట్టెలు దించినాక వచ్చి నా పక్కన కూసోండి. తలకట్టులు ఒక్కొక్కటి సదువుతాను. కావాలో వద్దో మీరు సెప్పండి. మీరు ఏది సెప్తే ఆ మీటే నొక్కుతాను."

"మా మాట అది వినుకుంటాదా?" అన్నాడు రెడ్డెప్ప.

"ఆయన మాట వినింది గదన్నా."

రెడ్డెప్ప నవ్వలేదు. నాగమ్మ చేతులు దులుపుకుని లేచి, మజ్జిగ చెంబు ఆమె చేతికిచ్చింది. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు.

వచ్చారు. నాగమ్మ, రెడ్డెప్ప, వాళ్ళ పల్లెవాళ్ళు ఇంకొందరు. ఆ చిన్న గదిలో మనిషిమీద మనిషి నిలబడ్డారు. తుడిచేసిన జల్లెడ ముందు ఆ పొద్దున లోకంలోని వార్తలన్నీ బారులు తీరాయి.

"క్రికెట్టు. మనోళ్ళు ఓడిపోయినారు."

"వద్దు."

"ఉండనీ వదినా, ఒగటైనా" అన్నాడు రెడ్డెప్ప.

"వాళ్ళు గెలిస్తే నీ కాయ కొంటారా? వద్దు, నొక్కు తల్లీ."

"సినిమాయన కూతురి పెండ్లి."

"రొంత సదువు" అంది వెనక నుంచి ఒక ఆమె. అందరూ నవ్వారు. అదీ వద్దే అయింది, కాని పెళ్ళికూతురు చీర రంగు తెలుసుకున్నాకే.

"కోలారు దగ్గర ఆకుమచ్చ తెగులు, తోటలు పీకేస్తాండారు."

"కావాల" అన్నారు నలుగురు ఒకేసారి.

"పలమనేరు కనుమలో లారీ బోల్తా. డ్రైవరు చచ్చిపోయినాడు, దారి మూసినారు."

"కావాల. ముందర అదే రాయి."

ఆమె రాసింది, మొదటి వరసలో. గదిలోని గొంతులు అప్పటికే వాకిలి దాటి మండీలోకి వినబడుతున్నాయి. అక్కడ ఊదుబత్తి ఇంకా సగం కూడా కాలలేదు. నారాయణస్వామి వచ్చాడు. ఈసారి కిటికీ దగ్గర ఆగలేదు, గుమ్మంలోకే వచ్చాడు.

"ఏంది పాపా ఇది? నా గదిలో కూసోని నా బోణీ పాడు చేస్తావా?"

"మీ బోణీ అయ్యేలోపల వాళ్ళ సరుకు అయిపోతాండాది అన్నా."

"నేను నీకేమన్నా తక్కువ చేస్తినా?"

"లేదన్నా. మీరు నాకేమీ తక్కువ చేయలేదు."

ఆ మాట నిజమే, అది ఇద్దరికీ తెలుసు. ఆయన బోర్డు వైపు చూడకుండా అన్నాడు, "సాయంత్రానికల్లా ఎత్తేయి."

ఎత్తేసింది. యార్డు గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల శ్రీనివాసులు ఎస్‌టీడీ బూత్ నడిపేవాడు. తెల్లవారుజామున అతని ఫోను లైను ఖాళీగానే ఉండేది. మురళి వచ్చి మాట్లాడాడు. శ్రీనివాసులు కంప్యూటరును ఎగాదిగా చూసి, "పొద్దున్నే మొదటి కాల్ ఇదే అయితే నా బోణీ దీంతోనే గదా. రానీ" అన్నాడు. బోర్డును బూత్ గోడకు మేకులతో కొట్టారు. కిటికీ లేదు కాబట్టి జనం బయట బెంచీమీద కూర్చుని అరిచి చెప్పేవాళ్ళు, లోపల మునీశ్వరి మీట నొక్కేది.

ఆ పని 2004 దాకా నడిచింది. అప్పటికి సెల్‌ఫోన్లు పల్లెలకు చేరాయి. రైతు మద్రాసుకు తనే ఫోను చేసుకోవడం మొదలయ్యాక ఆ కంప్యూటరుకు పని తగ్గిపోయింది. మునీశ్వరి చౌడేపల్లెకు తిరిగి వెళ్ళి పాలరైతుల సంఘంలో చేరింది. ఇప్పుడు అక్కడి ఆడవాళ్ళకు ఆమె పెద్దదిక్కు. అవన్నీ తర్వాతి సంగతులు. కాని బూత్‌కు మారిన కొత్తల్లో, ఈ బోర్డు నిలబడదని ఆమె అనుకున్న రోజు ఒకటుంది.

ఆ పొద్దున మొదటి వరసలో లారీ యజమానుల సమ్మె నోటీసు వార్త రాసింది. మర్నాటి నుంచి మద్రాసు దారిలో లారీలు తిరగకపోవచ్చని. పెద్దమండ్యం వాళ్ళు బెంచీమీద చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. మద్రాసుకు తోలితే మధ్యలో చిక్కుకుంటుందేమో. ఆఖరికి నాగమ్మ, "ఈడనే ఇచ్చేద్దాం" అంది. అందరూ మండీలో, వచ్చిన రేటుకు, తక్కువకే ఇచ్చేశారు. బోర్డు చూడని కొందరు మాత్రం మద్రాసుకు తోలారు.

సాయంత్రానికల్లా సమ్మె వాయిదా పడింది. లారీలు తిరిగాయి. మద్రాసులో సరుకు తక్కువై, తోలినవాళ్ళకు మంచి రేటు పడింది.

మర్నాడు తెల్లవారకముందే ఆ కబురు యార్డంతా పాకింది. మండీ గుమస్తా రోడ్డు అవతల నుంచే కేక వేశాడు, "ఏం పాపా, ఈ రోజు ఎవురి కొంప ముంచుతాండావు?" బూత్ తెరుస్తూ శ్రీనివాసులు ఆమెకేసి చూడకుండా సర్దుకున్నాడు. మునీశ్వరి మోడెం కలిపింది. అది కీచుమని అరిచి బెంగుళూరును అందుకుంది. తలకట్టులు దిగాయి. బెంచీ ఖాళీగా ఉంది. మొన్న చెప్పక ముంచింది, నిన్న చెప్పి ముంచింది. ఇంకెవరు వస్తారు? మురళికి ఫోను చేసి కంప్యూటరును కుప్పం తీసుకుపొమ్మని చెబుదామా అనుకుంది.

రోడ్డు దాటుకుంటూ నాగమ్మ వచ్చింది. వెనక రెడ్డెప్ప, ముఖం ముడుచుకుని.

"నిన్న ఈమె మాట విని నష్టపోతిమి వదినా. మళ్ళీ ఈడికే వస్తాండావా?" అన్నాడు అందరికీ వినబడేలా.

"నేను రాసింది తప్పు కాదన్నా. నోటీసు నిజమే. కాని..." అంది మునీశ్వరి.

"నువ్వుండు తల్లీ." నాగమ్మ బెంచీమీద కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకుంది. మరిదివైపు తిరిగింది. "ఆమె మాట వింటిమా? ఆమె నోటీసు అని సదివె. ఈడనే ఇద్దామన్నది నేను. తోలుదామని నువ్వన్నా అంటివా?"

"నేను అనలే."

"మొన్న మనకి తెలియకుండా పాయె. నిన్న అన్నీ తెలుసుకొని, మనమే కూసోని తప్పు చేస్తిమి. రొండూ ఒగటేనా?"

 రెడ్డెప్ప బీడీ కోసం జేబు తడుముకుంటూ బెంచీ చివర కూర్చున్నాడు. అవతల నుంచి ఇంకో ఇద్దరు ముగ్గురు తలపాగాలు సర్దుకుంటూ వస్తున్నారు. మునీశ్వరి తెర వైపు తిరిగింది. మొదటి తలకట్టు చదివింది. తనకు మాత్రమే వినబడేంత మెల్లగా.

"రొంత గట్టిగా సదువు తల్లీ" అంది నాగమ్మ. "ఎనకాల వాళ్ళకి ఇనబడాల."